గుడ్డులోకి టార్చి వేసి చూసే మేడమ్

మొన్న బజారులో గుడ్లు కొనబోతే, నా ముందున్న ఆవిడ "ఇవి పాతవి" అని గొడవ పెట్టుకుంది. కొట్టువాడు ఊరుకుంటాడా? ఫోన్‌లో లైటు వేసి, దాని మీద గుడ్డు నిలబెట్టి, "చూసుకో బెహన్‌జీ, ఎంత సాఫ్‌గా ఉందో" అన్నాడు. ఆవిడా, ఆవిడ వెనక ఉన్నవాళ్లూ అందరూ వంగి ఆ గుడ్డులోకి చూశారు. నేను మాత్రం గుడ్లు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను. సంచీ ఖాళీగా ఉండడం చూసి అమ్మ మొదలుపెట్టింది.

"గుడ్లేవే?"

"మేడమ్ గుర్తొచ్చీసేరమ్మా."

"ఆవిడెల్లిపోయి ఏడాది దాటిపోనాది. ఇప్పుడు గుర్తు రావడమేటి, గుడ్లు మానీడమేటి?"

అమ్మకి ఏం చెప్పను? ఇక్కడైనా చెప్పుకుంటాను.

నేను బిలాస్‌పూర్‌లో ఒక కాలేజీ ల్యాబ్‌లో సీసాలు కడుగుతాను. పన్నెండో క్లాసు హిందీ మీడియంలో ఎలాగో గట్టెక్కి, అక్కడితో ఆగిపోయినదాన్ని. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఉండేది ఊరి చివర లాల్‌ఖదాన్ బస్తీలో. పనిలో చేరిన రోజు ల్యాబ్ పెద్ద సార్ నన్ను ఒక చివరి గదికి తీసుకెళ్లి, "ఇక్కడ చెట్ల నుంచి వైరస్‌కి మందు వెతుకుతారు. మేడమ్ చెప్పినట్టు చెయ్యి" అన్నారు. పెద్ద పెద్ద మెషిన్లు ఉంటాయనుకున్నాను. తలుపు తీస్తే లోపల చీకటి. ఆ చీకట్లో ఒకావిడ కోడిగుడ్డుకి టార్చి ఆనించి, దానితో మాట్లాడుతోంది.

"ఉన్నవా?" అంటోంది. కాసేపు చూసి, "ఉన్నది" అని తనే జవాబు చెప్పి, పెన్సిల్‌తో పెంకు మీద చిన్న గీత పెట్టింది. ఆ పెన్సిల్‌ని మళ్లీ జడముడిలోకి దోపుకుంది. అప్పుడు నావైపు చూసింది. "తలుపేయి పిల్లా. వెలుగొస్తే కనబడది."

తెలుగు! ఆ ల్యాబ్‌లో అందరూ హిందీ వాళ్లే అనుకుంటే, తెలుగు! నాకు ప్రాణం లేచొచ్చింది. "మేడమ్, మీది కూడా తెలుగేనేటి!" అని గట్టిగా అరిచేశాను. ఆవిడ వేలు నోటి మీద పెట్టుకుని, "మెల్లగ. పిల్లలు అదురుతయి" అన్నారు. పిల్లలంటే గుడ్లలో ఉన్నవి.

అప్పటినుంచి మూడేళ్లు నేను వాగుతూనే ఉన్నాను, ఆవిడ వింటూనే ఉన్నారు. మా నాన్న మోకాళ్ల నొప్పుల దగ్గర నుంచి, మా వీధిలో ఎవరి పెళ్లి ఎందుకు చెడిందో దాకా. చేతులు పని చేసుకుంటూనే ఉండేవి, చెవి మాత్రం నాదగ్గర ఉండేది. నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే "తర్వాత?" అనేవారు. నా మాటలు అంత శ్రద్ధగా విన్నవాళ్లు మా ఇంట్లోనే లేరు.

ఆ గదిలో పని ఏమిటంటే, వైరస్ అంటే కోళ్లకి వచ్చే కొక్కెర జబ్బుది. అందులోనూ టీకాగా వేసే బలహీనమైన రకం. మనుషుల వైరస్‌లు పెట్టుకునేంత పెద్ద ల్యాబ్ కాదు మాది. మేడమ్ ఒక ఆకు నుంచి సారం తీసేవారు. ఆ సారాన్నీ వైరస్‌నీ చిన్న గాజు సీసాలో కలిపి ఒక గంట ఉంచేవారు. తరువాత దాన్ని బాగా పలచన చేసి, ఒక్క బొట్టు, పిల్ల పెరుగుతున్న గుడ్డులోకి సన్నటి సూదితో ఎక్కించి, ఆ రంధ్రాన్ని కొవ్వొత్తి మైనంతో మూసేవారు. మూడు రోజులు ఆగి గుడ్డు తెరిచి, లోపలి నీళ్లలో కోడి రక్తం కలిపి గుంటల ప్లేటులో పోసేవారు. వైరస్ బతికుంటే రక్తం గుంటంతా పల్చగా పరుచుకుంటుంది. వైరస్ లేకపోతే అడుగున గుండ్రంగా, ఎర్రగా, కుంకుమ బొట్టులా కూర్చుంటుంది.

మూడేళ్లూ మేడమ్ ఎదురుచూసింది ఆ బొట్టు కోసమే. నలభై రకాల పైనే ఆకులు చూసి ఉంటారు. ఎప్పుడూ గుంటంతా పరుచుకోవడమే. ప్లేటు మీద నుంచి తల ఎత్తి, "ఇదీ ఏం చేయలే" అని నోట్‌బుక్కులో రాసుకుని, పెన్సిల్ జడలో పెట్టుకునేవారు.

ఆవిడ ముందు 'మందు' అనకూడదు. కరోనా వచ్చి వెళ్లాక ప్రతివాళ్లకీ కషాయాల పిచ్చి పట్టింది కదా. ఆఫీసులో గుమస్తాలు కూడా వచ్చి, "మేడమ్, ఏ ఆకు మంచిది?" అని అడిగేవారు. ఆవిడకి చిరాకు. "మందు అనకు పిల్లా. గాజు సీసాల చేసింది, గుడ్డుల చేసింది, ఎలుకల చేసింది, మనిషిల చేసింది, మనిషికి కీడు చేయలే. ఇన్ని మెట్లున్నయి. మనం మొదటి మెట్టు మీద గూడ లేము. 'ఏదో చేసింది' అను, చాలు." ఆవిడ నోట 'ఏదో చేసింది' అన్నదే పెద్ద మెప్పు. ఆ మెప్పు ఏ ఆకుకీ దక్కలేదు.

ఆదివారం పొద్దున్నే ప్యాసింజరెక్కి ఊరవతల కోటా అడవుల వైపు వెళ్లి, సాయంత్రానికి పాత న్యూస్‌పేపర్లలో ఆకులు చుట్టుకుని వచ్చేవారు. సోమవారం ఒక్కో పొట్లం విప్పుతూ, "ఇది ఎండల పెరిగింది, కోపం ఎక్కువ. ఇది నీడల పెరిగింది, మెత్తగున్నది" అనేవారు. సీసాల మీద పేర్లు తెలుగులోనే రాసేవారు. ఎందుకంటే ఇంగ్లీషులో రాస్తే పక్క ల్యాబ్ పిల్లలు ఎత్తుకుపోతున్నారట. నాకేమో మాట్లాడడమే తప్ప తెలుగు చదవడం రాదు. ఉసిరి, తిప్పతీగ, నేలవేము, వావిలి. ఆ సీసాలు తుడుస్తూ తుడుస్తూ అక్షరాలు పట్టుకున్నాను.

మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న అన్నం నిలబడే తినేవారు, కిటికీ దగ్గర. గుడ్డు ముట్టరు. "రోజు వాటితోటి మాట్లాడి ఎట్ల తింట?" అనేవారు. ఫోన్ ఎప్పుడూ మోగేది కాదు. ఒకసారి మాత్రం మోగింది. మేడమ్ చేతిలో ఉన్న గుడ్డు నాకు ఇచ్చేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారు. సిమ్ కంపెనీ వాళ్లు. ఏదో ప్లాను అమ్ముతున్నారు. మనమైతే పెట్టేస్తాం కదా. ఆవిడ పెట్టలేదు. ఆ అమ్మాయి చెప్పిందంతా విని, "మీ దగ్గర వాన పడుతోందా?" అని హిందీలో అడిగారు. అవతల ఏమందో, "ఇక్కడ లేదమ్మా, ఉక్కపోత" అన్నారు. అయిదు నిమిషాలు మాట్లాడారు. నేను గుడ్డు పట్టుకుని నిలబడి నవ్వాను. ఇప్పుడు నవ్వు రాదు.

మూడో ఏడు సగం గడిచాక, సార్ ఆవిడని పిలిచి, ఏదైనా పని చేసే ఆకు దొరికితేనే కాంట్రాక్టు పొడిగిస్తారు, లేకపోతే ఆ గది వేరేవాళ్లకి అని చెప్పారు. బయటికి వచ్చి నాతో, "అడ్డసరం ఒకటి చూద్దాం" అన్నారు అంతే. అడ్డసరం తెలుసు కదా, ఇక్కడ అడూసా అంటారు, దగ్గుకి వాడతారు. ఆకు, పువ్వు, కాడ, వేరు, అన్నీ విడివిడిగా చూస్తానన్నారు. అన్నిటికీ సీసాలు కావాలి.

సరిగ్గా అప్పుడే ల్యాబ్‌లో సీసాలు కడిగే ద్రావణం అయిపోయింది. కొత్తది కొనమని ఆఫీసుకి కాగితం పంపారు, అది ఏ బల్ల మీద పడుకుందో. మేడమ్ రూలు ఏమిటంటే, కడిగాక ఏడు నీళ్లు పొయ్యాలి, సబ్బు వాసన బొత్తిగా ఉండకూడదు. బజారు సబ్బు తెస్తే వాసన. ఏం చెయ్యాలి? మా ఇంట్లో కుంకుడుకాయలున్నాయి, శ్రీకాకుళం నుంచి మా అత్త తెచ్చినవి. అమ్మ వాటితో తలే కాదు, వెండి కుందులు కూడా తోముతుంది. తళతళలాడిపోతాయి. నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టి, సీసాడు రసం పట్టుకెళ్లాను. గాజు ఎంత బాగా మెరిసిందో! కెమికల్ కూడా కాదు, చెట్టుదే కదా, దానివల్ల ఏమవుతుంది అనుకున్నాను. సబ్బు వాసన లేదు కదా అని మూడు నీళ్లతో ఆపేశాను. చెబితే మేడమ్ ఏమంటారో అని చెప్పలేదు కూడా.

ఆ సీసాల్లో చేసిన అడ్డసరం ప్లేటు తెరిచిన రోజు మేడమ్ నన్ను పిలిచిన పిలుపు ఇప్పటికీ చెవిలో ఉంది. పరిగెత్తి వెళ్లాను. ప్లేటు నిండా ఎర్రటి బొట్లు. వరసలు వరసలుగా బొట్లు.

"ఏదో చేసింది," అన్నారు మేడమ్. ఇంకోసారి అన్నారు. "ఏదో చేసింది పిల్లా."

మళ్లీ చేశారు, మళ్లీ బొట్లే. మూడోసారీ అంతే. సార్ గదిలోకి వచ్చి మరీ అభినందించి, పేపరు రాయమన్నారు, కాంట్రాక్టు సంగతి తాను చూసుకుంటానన్నారు. మేడమ్ జిలేబీ తెప్పించారు. మొదటిసారి కూర్చుని తిన్నారు.

నా నోరు ఊరుకుంటుందా? ఆ సాయంత్రం ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను, అమ్మ కుళాయి దగ్గర చెప్పింది. తెల్లారేసరికి లాల్‌ఖదాన్‌లో సగం మందికి, మా ల్యాబ్‌లో వైరస్ మందు కనిపెట్టేశారు.

నాలుగు రోజులయ్యాక మేడమ్ మొహంలో వెలుగు తగ్గింది. ప్లేటు ముందు కూర్చుని తనలో తాను గొణుక్కుంటున్నారు. "ఆకు చేసింది. పువ్వు చేసింది. కాడ చేసింది, వేరు చేసింది. అన్నీ ఒక్క తీరుగనే చేసినయి. సాక్షులందరు ఒక్కటే మాట చెప్తే ఏందన్నట్టు? ఎవరో నేర్పిచ్చిన్రన్నట్టు." ఇటు తిరిగారు. "సీసాలు ఎప్పటి లెక్కనే కడిగినవ్ కదా?"

నాకు సరిగ్గా తెలియకపోయినా, ఎక్కడో తెలిసింది. కానీ ఆవిడ జిలేబీ తినడం చూశాను కదా.

"అవును మేడమ్," అన్నాను.

"అయితే సరే" అన్నారు. నా మాట నమ్మి, మళ్లీ కాగితాల్లో పడిపోయారు.

ఆ మర్నాడు పక్క వీధి పిన్ని ఇంటికి వెళ్లాను. సొంత పిన్ని కాదు, చిన్నప్పటి నుంచీ అలా పిలవడం అలవాటు. బాబాయికి డెంగీ అని తేలింది, ఆస్పత్రిలో చేర్చమన్నారని విని చూడ్డానికి వెళ్లాను. ఆయన ఇంట్లోనే మంచం మీద ఉన్నాడు. కళ్లు ఎర్రగా, చిగుళ్ల దగ్గర రక్తం. పొయ్యి మీద గిన్నెలో ఆకులు మరుగుతున్నాయి.

"ఆస్పత్రికి తీసికెళ్లలేదేటి పిన్నీ?"

"ఆస్పత్రేల? మీ మేడమ్ ఆకు వైరస్సుని సంపీసిందని నువ్వే కదే మీయమ్మకి సెప్పేవు! పట్టాల పక్కన బోల్డంత ఉంది. రెండ్రోజుల్నించి పొద్దున్నోపాలి, సాయంత్రమోపాలి పట్టిస్తన్నాను."

"అది కోళ్ల వైరస్సు పిన్నీ!"

"కోడికయితే సచ్చినది మనిసికి సావదేటి? నువ్వూరుకో. సదువుకున్నోరు కనిపెట్టినది."

నేను అక్కడి నుంచి ఆటో ఎక్కి తిన్నగా ల్యాబ్‌కి వెళ్లాను. మేడమ్ చీకటి గదిలో ఉన్నారు, టార్చి గుడ్డుకి ఆనించి. నేను తలుపు వెయ్యడం మర్చిపోయాను.

"మేడమ్, సీసాలు కుంకుడుకాయతో కడిగీసేను. మూడు నీళ్లే పోసేను. మీరడిగితే అబద్ధమాడీసేను."

ఆవిడ మోచేత్తో తలుపు మూశారు. గుడ్డులో ఎర్రటి నరాలు, నల్లటి చుక్కలాంటి కన్ను కనిపిస్తున్నాయి. పిల్ల ఒకసారి కదిలింది. మేడమ్ గుడ్డుని మెల్లిగా ట్రేలో పెట్టి, టార్చి ఆర్పేశారు.

"ఎందుకు కడిగినవ్ అట్ల?"

"చెట్టుదే కదా మేడమ్, ఏటవుద్దిలే అనుకున్నాను."

"చెట్టుది ఏం చేయదనుకుంటే," అన్నారు మేడమ్, "మూడేండ్ల సంది మనం ఈడ ఏం చేస్తున్నమే?"

నవ్వారు. నిజంగా నవ్వారు. నేను ఏడవడం మొదలుపెట్టి, ఏడుస్తూనే బాబాయి సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది. పెన్సిల్ జడలో పెట్టుకోవడం కూడా మర్చిపోయారు.

"పద," అన్నారు.

"పరీచ్చ చెయ్యరా ముందు? కుంకుడుకాయో కాదో..."

"పరీక్షకు మూడు రోజులు పడ్తది. జ్వరం ఆగదు. పద."

మూడేళ్లలో ఆవిడ ల్యాబ్‌కీ, అద్దె గదికీ, కోటాకీ తప్ప ఎవరింటికీ వెళ్లగా నేను చూడలేదు. ఆ రోజు మా వీధికి వచ్చారు. పిన్ని కంగారుపడి కుర్చీ వేసింది. ఆవిడ కూర్చోలేదు. పొయ్యి దగ్గరికి వెళ్లి గిన్నెలోకి వంగి చూసి, గ్యాసు ఆపేశారు.

"అమ్మా, ఆ ఆకు చూసింది నేనే. తప్పు చూసిన. అది డెంగీకి ఏం చేస్తదో నాకు తెల్వదు."

"అదేటమ్మా! ఇంత సదివినోరు తెలవదంతారేటి?"

"చదివిన గనకనే చెప్తున్న, తెల్వదని."

"మరీ పిల్ల సెప్పింది..."

"పిల్ల నా మాటనే చెప్పింది. నా మాటనే తప్పు. ఆయనను లేపుండ్రి, ఆటో బయటనే ఉన్నది."

పిన్ని నావైపు చూసింది, ఆవిడవైపు చూసింది. ఏమనుకుందో, చీర కొంగు బిగించి బాబాయిని లేపింది. ఒక పక్క పిన్ని, ఒక పక్క మేడమ్ పట్టుకుని ఆటో ఎక్కించారు. ఆస్పత్రిలో చేర్చుకున్నాక డాక్టరు, ఇంకో రోజు ఆగి ఉంటే కష్టమయ్యేదన్నాడు. బాబాయి వారానికి లేచి ఇంటికొచ్చాడు. ఇప్పుడు శుభ్రంగా ఉన్నాడు, రోజూ పేకాట.

ఆస్పత్రి మెట్ల దగ్గర, "మా ఇంటికి రండి మేడమ్, టీ తాగుదురు" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగారు. వస్తారేమో అనిపించింది. "గుడ్లున్నయి కదా," అని వెళ్లిపోయారు.

మర్నాడు నాచేత ఆరు సీసాలు కుంకుడురసంతో కడిగించారు, మూడు నీళ్లతో. ఇంకో ఆరు సీసాలు ఏడు నీళ్లతో. వాటిలో ఏ ఆకూ వెయ్యలేదు. ఉత్త ఉప్పునీళ్లు, వైరస్. పోల్చుకోవడానికి ప్రతిసారీ పెట్టే ఈ ఉప్పునీళ్ల వరసని మామూలుగా కొత్త ప్లాస్టిక్ గొట్టాల్లో పెట్టేవారు, అందుకే తప్పు దొరకలేదట. మూడు రోజులు గడిచాక ప్లేటు చూశారు. నా మూడు నీళ్ల సీసాలన్నిట్లోనూ ఎర్రటి బొట్లు. మిగిలినవాటిలో గుంటంతా పరుచుకుంది.

"నీ కుంకుడుకాయ గెలిచింది పిల్లా."

"అంటే మేడమ్, కుంకుడుకాయే..." మందు అనబోయి ఆగాను.

"సబ్బది. వైరస్ ఒంటి మీద కొవ్వు చొక్కా ఉంటది, దాన్ని చింపుతది. రక్తంల పోస్తే రక్తాన్ని గూడ చింపుతది. చేతులు కడుక్కోనికి మంచిదే, మింగనికి కాదు."

తరువాత అడ్డసరాన్ని మళ్లీ చూశారు, బాగా కడిగిన సీసాల్లో. ఏమీ చెయ్యలేదు. నోట్‌బుక్కులో ఆ బొట్ల పేజీలన్నిటి మీదా స్కేలు పెట్టి ఒక్కొక్క గీత కొట్టారు. చింపలేదు. "తప్పు గూడ కనబడాలె" అన్నారు.

మేడమ్ సార్‌కి చెప్పడానికి వెళ్లినప్పుడు నేను కడిగిన సీసాల ట్రే పట్టుకుని తలుపు బయటే ఉన్నాను. సార్ చాలా కోపంగా, హిందీలో అడిగారు. "సీసాలు ఎవరు కడిగారు?"

"ప్రయోగం నాది సార్," అన్నారు మేడమ్. "కడిగిన ఖాళీ సీసా కూడా పెట్టి చూసుకోవాల్సింది నేను. పెట్టలేదు."

"నేను అడిగింది అది కాదు. ఎవరు కడిగారు?"

"నా సీసాలు సార్."

ఒక్క అడుగు వేస్తే లోపలికి వెళ్లి ఉండేదాన్ని. ఉద్యోగం పోతుందనుకున్నాను. ట్రేలో సీసాలు గలగలమంటుంటే రెండు చేతులతో అదిమి పట్టుకుని అక్కడే ఉండిపోయాను. మేడమ్ బయటికి వచ్చి, నన్ను చూసి, "జాగ్రత్త, పడిపోతయి" అన్నారు. సీసాల గురించే.

కాంట్రాక్టు పొడిగించలేదు. నెలాఖరున మేడమ్ గుడ్లుండే ఇంక్యుబేటర్ ఖాళీ చేసి, తుడిచి, తాళాలు ఇచ్చేశారు. "ఫోన్ చేస్తాను మేడమ్" అన్నాను. "చెయ్యి" అన్నారు. నేను చేసేసరికి నెల దాటింది. ఎవరో మగమనిషి ఎత్తి, రాంగ్ నంబర్ అన్నాడు.

గుడ్లు కొనకుండా వచ్చేసిన మర్నాడు నేను సార్ గదిలోకి వెళ్లాను. ఆ సీసాలు కడిగింది నేనేనని, అడిగితే మేడమ్‌తో అబద్ధం కూడా ఆడానని, అంతా చెప్పేశాను. ఉద్యోగం తీసేస్తారనే అనుకున్నాను. సార్ పెన్ను మూత తీశారు.

"అచ్ఛా," అన్నారు. "ఆ రోజు నేను ఎక్కువే మాట్లాడాను ఆమెతో. ఒక ఉత్తరం రాస్తాను. అడ్రసు ఉందా?"

"ఫైల్లో ఉంటుంది కదా సార్."

ఫైలు తెప్పించారు. అందులో ఉన్నది ఇక్కడి అద్దె గది అడ్రసే.

"ఆమె ఊరేది? నువ్వు రోజంతా ఆమెతోనే ఉండేదానివి కదా. ఏదో మాట్లాడుతూనే ఉండేదానివి."

ఉండేదాన్ని. టీలో చక్కెర ఎంత వేసుకుంటారో చెప్పగలను. ఏ చెప్పుకి పిన్నీసు పెట్టుకున్నారో చెప్పగలను. మా అత్త ఊరు, మా పిన్ని ఊరు, మా నాన్న డ్యూటీ చేసిన స్టేషన్లు వరసగా ఆవిడకి తెలుసు. ఇంట్లో ఎవరున్నారు మేడమ్, ఏ ఊరు మేడమ్, అని మూడేళ్లలో ఒక్కసారి అడిగి ఉంటే, ఆవిడ చెప్పేవారే. సిమ్ కంపెనీ అమ్మాయికే అంతసేపు చెప్పారు కదా.

"తెలీదు సార్," అన్నాను.

సార్ పెన్ను మూత పెట్టి, ఫైలు నా చేతికి ఇచ్చి ఆఫీసులో ఇచ్చెయ్యమన్నారు.